ఏడో మెట్టు మీద జీర

సిలారుకు తుమ్మంటే భయం. తుమ్ము వచ్చేట్టుంటే గోడకు ఒక చెయ్యి ఆనించి, రెండో అరచేత్తో కుడి డొక్క అదిమిపట్టుకుని తుమ్మేవాడు. తుమ్మాక కాసేపు కదలకుండా నిలబడి, ఊపిరి లోపలికి సాఫీగా పోతోందా, వచ్చేప్పుడు ఎక్కడన్నా గుచ్చుకుంటోందా అని చూసుకునేవాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎద్దులాంటి ఛాతీ, ఒకప్పుడు నాలుగు వీధుల అవతలికి వినపడేట్టు సన్నాయి ఊదినవాడు తుమ్ముకు భయపడటమేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు. నవ్వనివాళ్ళు జాలిపడ్డారు. సిలారుకు రెండూ ఒకటే.

మార్టూరు పక్క పాలెంలో దూదేకులవాళ్ళ మేళం వాళ్ళది. తాత ఊదాడు, తండ్రి ఊదాడు, పన్నెండో ఏట సిలారు సన్నాయి పట్టాడు. ఊళ్ళో క్షౌరశాల నడిపే వీరాంజనేయులు డోలు. ఇరవై రెండేళ్ళు ఇద్దరూ కలిసి ఎక్కని పెళ్ళిపందిరి లేదు.

నాలుగేళ్ళ కిందట మాఘమాసంలో చిలకలూరిపేటలో ఒక పెళ్ళి. ఎదురుకోలు జరుగుతోంది. సిలారు పై షడ్జం పట్టుకుని నిలబడ్డాడు. డొక్కలో తుమ్మముల్లు దిగినట్టయింది. ఊపిరి తీసుకుందామంటే లోపలికి రాలేదు. సన్నాయి ఆగినా డోలు ఆగలేదు. స్వరం మధ్యలో విడుపు ఇచ్చాడనుకుని వీరాంజనేయులు వాయిస్తూనే ఉన్నాడు. పక్కకు తిరిగి చూసేసరికి సిలారు మోకాళ్ళ మీద ఉన్నాడు, పెదాలు నేరేడుపండు రంగులో.

గుంటూరు ఆస్పత్రిలో, ఊపిరితిత్తికి చిల్లుపడి గాలంతా డొక్కలోకి చేరిందన్నారు. పక్కటెముకల మధ్యనుంచి గొట్టం వేశారు. గొట్టం రెండో కొస నీళ్ళ సీసాలో. ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడగలు. తొమ్మిది రోజులు ఆ బుడగల వంక చూస్తూ పడుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది.

"సన్నాయి ఊదడం ఇక మర్చిపోండి సిలార్ గారూ. బరువులెత్తకండి. దుమ్ములో, పొగలో తిరక్కండి. మళ్ళీ చిల్లుపడితే ఇంత తేలిగ్గా పోదు."

ఆవిడ చెప్పింది మూడు ముక్కలు. సిలారు వాటిని ముప్పై చేసుకున్నాడు. గట్టిగా నవ్వేవాడు కాదు. కుడిపక్కకు తిరిగి పడుకునేవాడు కాదు. బస్సులో కిటికీ పక్క కూర్చునేవాడు కాదు. పత్తి తీతలప్పుడు గాలిలో దూదిపింజలు తేలుతుంటే ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. మాఘం నుంచి చైత్రం దాకా ఊరి చుట్టూ మిరపకల్లాలే. గాలి తిరిగిందంటే ఊరు ఊరంతా దగ్గుతుంది. ఆ మూడు నెలలూ తలుపులు బిగించుకుని, తడిగుడ్డ ముఖాన వేసుకుని, ఎండలో ఆరబోసిన మిరపకాయలు చూసినా దయ్యాన్ని చూసినట్టు బెదిరిపోయేవాడు. భార్య సైదమ్మ ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమె పక్కన పీట వేసుకుని హుక్కులు కుట్టేవాడు, ఫాల్స్ వేసేవాడు. సన్నాయి సంచీతో సహా అటక మీదికి వెళ్ళిపోయింది. అటు తలెత్తి చూడటం కూడా మానేశాడు.

ఆ ఇంటికి గిటారు వచ్చింది. కూతురు నజీరా గుంటూరులో నర్సింగు చదువుతోంది. ఫోనులో చూసి చవకగా తెప్పించుకుని, రెండు నెలలు వేళ్ళు నొప్పులు పుట్టించుకుని, హాస్టల్లో చోటు లేదని ఆషాఢంలో తెచ్చి ఇంట్లో పడేసి పోయింది. బీరువా పక్కన అది పదిహేను రోజులు అలాగే ఉంది. ఒకనాటి మధ్యాహ్నం సైదమ్మ మార్టూరు వెళ్ళినప్పుడు సిలారు దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దీనికి ఊపిరి అక్కర్లేదు గదా అనుకున్నాడు. ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా చుట్టూ చూసి అనుకున్నాడు.

సన్నటి తీగ మీటాడు. మెడ పొడుగునా అడ్డంగా వేసిన లోహపు మెట్లు, వీణకున్నట్టే. ఒక్కొక్క మెట్టు వెనకా వేలు పెట్టి మీటుకుంటూ పైకి పోయాడు. చెవి తయారైన మనిషి, స్వరాలు వాటంతటవే దొరికాయి. ఏడో మెట్టు దగ్గరికొచ్చేసరికి తీగ "జిర్ర్" మంది. మళ్ళీ మీటాడు. జిర్ర్. గొంతు పట్టేసినవాడి జీరలాగా, చిలకలూరిపేట వీధిలో లోపలికి రాని ఊపిరిలాగా. గిటారును ఒళ్ళోంచి దించి గోడకు తిప్పి పెట్టి, పెరట్లోకి పోయి వేపచెట్టు కింద చాలాసేపు కూర్చున్నాడు.

అయినా మర్నాడు మళ్ళీ తీశాడు. ఆ మర్నాడు కూడా. పట్టలేక కూతురికి ఫోను చేశాడు.

"చవకది గదా నాన్నా, మెట్లన్నీ ఒక ఎత్తులో ఉండవు. సరిగ్గా దిగని మెట్టు మీద తీగ అదిరి అట్టా జీరబోతుంది. దాన్ని బాగుచేసేవాళ్ళు కూడా ఉండరు, పడేయ్."

"ఎవురూ చెయ్యరా?"

"చేసుకునేవాళ్ళు ఎవరికివారే చేసుకుంటారంట. వీడియోలున్నాయి, పంపనా?"

వీడియోలో మాటలు సిలారుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు అర్థమయ్యాయి. సన్నాయికి పెట్టే రెల్లుపీక చెక్కేటప్పుడు తను పట్టిన ఒడుపే అది. రెల్లు మీద వెంట్రుకవాసి ఎక్కువ గీకితే పీక పాడు. ఆ ఒడుపు చేతిలో ఉంది గాని, వీడియోలో మనిషి ఆకురాయితో మెట్లు రుద్దుతుంటే వెండిరంగు పొడి లేస్తోంది. ఆ పొడి చూడగానే ఫోను బోర్లా పెట్టేశాడు.

వీరాంజనేయులు రోజూ సాయంత్రం టీ వేళకు వస్తాడు. సంగతి విని తొడ చరుచుకున్నాడు.

"చేద్దాంరా! నాకాడ సానరాళ్ళున్నాయి, ఆకురాళ్ళున్నాయి. ఇంకేం కావాల?"

"పొడి లేస్తదిరా అంజీ."

"పొడా? ఒరేయ్, చచ్చేవాడివైతే ఆ రోజే చచ్చేవాడివి. గిటారు పొడికి చచ్చినోడు ఈ జిల్లాలో ఎవుడన్నా ఉన్నాడా?"

"నీకేం తెలుసు, డొక్కలో గొట్టం నీకేశారా?"

వీరాంజనేయులు టీ తాగి వెళ్ళిపోయాడు. మూడోనాడు సైకిలు వెనక గోనెపట్టాలో చుట్టి ఒక నల్లరాతి పట్టీ తెచ్చాడు. మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీలో కోసిపారేసిన ముక్క, మూరెడు పొడుగు, రెండంగుళాల వెడల్పు, అద్దంలా నున్నటి అడుగు. "దీనికన్నా సమంగా ఉండేది ఈ చుట్టుపక్కల నీళ్ళ మట్టం ఒక్కటే" అన్నాడు. దానికి గరుకుటి ఎమిరీ కాగితం అంటిస్తే, మెట్లన్నిటి మీదా ఒకేసారి ఆడించవచ్చు.

అంతదాకా రావడానికి ముందు చెయ్యాల్సినవి ఉన్నాయి. గిటారు మెడలో సన్నటి ఇనపకడ్డీ ఉంటుంది. ఒక చివర కీ పెట్టి తిప్పితే మెడ వంపు సరవుతుంది. పావు చుట్టుకు మించి తిప్పకూడదని నజీరా మరీమరీ చెప్పింది. సిలారు కీ పెట్టి, కళ్ళు మూసుకుని, తిప్పాడు. లోపల "టక్" మంది. కీ చేతిలోంచి జారింది. మెడ విరిగిందనుకున్నాడు, కాదు, తన డొక్కలోనే ఏదో విరిగిందనుకున్నాడు. గదిలోంచి బయటికొచ్చేశాడు. సైదమ్మ మిషను ఆపి వెళ్ళి చూసి, "ఏమీ కాలేదయ్యా, నిక్షేపంలా ఉంది" అంటే గాని మళ్ళీ లోపలికి రాలేదు. మెడ నిటారయింది. జీర మాత్రం పోలేదు.

ఏ మెట్టు ఎత్తుగా ఉందో పట్టుకోవడానికి నజీరా ఒక ఉపాయం చెప్పింది. ఏటీఎం కార్డు అంచును మూడేసి మెట్ల మీద నిలబెట్టాలి. నడిమెట్టు ఎత్తయితే కార్డు కుంటిపీటలా అటూ ఇటూ ఊగుతుంది. ఏడో మెట్టు మీద ఊగింది. పరీక్షగా చూస్తే ఆ మెట్టు ఒక కొస కొయ్యలోంచి కాస్త పైకి లేచి ఉంది. చిన్న సుత్తితో, మధ్యలో చెక్కముక్క పెట్టి, నెమ్మదిగా కొట్టి దించాలి.

కార్తీకమాసం. పొలాల్లో పత్తి తీస్తున్నారు. సిలారు రెండు మాస్కులు పెట్టుకుని, పైన తడితువ్వాలు చుట్టుకుని, గాలి ఎటునుంచి వస్తోందో ఇంత మట్టి వదిలి చూసుకుని, గాలికి వీపు పెట్టి పెరట్లో కూర్చున్నాడు. మొదటి దెబ్బ వేశాడు. ఆ దెబ్బ కొయ్యలోంచి తొడలోకి, తొడలోంచి పక్కటెముకల్లోకి వచ్చినట్టనిపించింది. ఊపిరి బిగబట్టి రెండోది వేశాడు. దిగలేదు. మూడోది కాస్త గట్టిగా వేశాడు. మెట్టు దిగాల్సింది పోయి రెండో కొసన ఎగిరింది. ఎగురుతూ ఎగురుతూ గోరంత కొయ్యపెళ్ళను కూడా పెరికిపెట్టింది.

సిలారు సుత్తి కింద పెట్టాడు. కొయ్యలో ఆ తెల్లటి గాయం చూస్తూ ఉండిపోయాడు. తన చెయ్యి పడ్డదల్లా చిల్లుపడుతుంది అనుకున్నాడు. పెళ్ళ ముక్కను కాగితంలో పొట్లం కట్టి, గిటారును దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోశాడు. వీరాంజనేయులు వచ్చి అడిగితే "ఎమిరీ కాగితం దొరకలేదు, తేవాల" అని అబద్ధమాడాడు.

ఆ పొద్దు గూకేవేళకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. అదే చోట. గొట్టం వేసిన మచ్చకు రెండంగుళాల కింద.

ముందు ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం. కూర్చుంటే నొప్పి, వంగితే నొప్పి, గట్టిగా ఊపిరి తీస్తే ఇంకా నొప్పి. కొయ్యపెళ్ళ లేచినప్పుడు రేగిన పొడే లోపలికి పోయింది, పోయి పాత చిల్లును కోసేసింది అనుకున్నాడు. తెల్లారి సైదమ్మ ముఖం చూసి కనిపెట్టింది.

"ఏమయ్యా, ఊపిరి అట్టా సగం సగం తీస్తన్నావేంది?"

"మళ్ళీ పోయింది సైదా" అన్నాడు. అనేసరికి ఏడుపొచ్చింది.

ఆటోలో చిలకలూరిపేట, అక్కణ్ణుంచి బస్సులో గుంటూరు. దారిపొడుగునా సైదమ్మ అతని చెయ్యి వదల్లేదు. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా సిలారు కళ్ళు మూసుకున్నాడు. ఆస్పత్రి వరండా బెంచీ మీద, ఎక్స్‌రే కోసం కూర్చున్న ఆ గంటన్నర అతని బతుకులో అతి పొడుగైన గంటన్నర. ఎదురు గదిలో ఎవరి మంచం కిందో నీళ్ళసీసా కనపడింది. అటు చూడకూడదనుకుంటూ అటే చూశాడు. ఈసారి గొట్టం వేస్తే తను బయటపడడని తేల్చేసుకున్నాడు. నజీరా చదువు ఇంకో ఏడాదిన్నర ఉంది. చెప్పాల్సిన మాటలు ఏమన్నా ఉన్నాయేమో గుర్తుచేసుకోబోతే, పిచ్చి మనసుకు గిటారు మెడ మీది తెల్లగాయం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

నాలుగేళ్ళ నాటి డాక్టరమ్మే. ఎక్స్‌రేను వెలుతురు పెట్టె మీద పెట్టి చూసింది. వెనక్కి తిరిగి ఇతన్ని చూసింది. మళ్ళీ ఎక్స్‌రే చూసింది.

"ఈ మధ్య ఏం పని చేశారండీ?"

సైదమ్మే చెప్పింది, గిటారు సంగతి, సుత్తి సంగతి, రెండు మాస్కుల సంగతి. డాక్టరమ్మ నవ్వకుండా విని, "చేసి చూపించండి, ఎలా కూర్చున్నారో" అంది. సిలారు స్టూలు మీద వంగి కూర్చుని, లేని గిటారును ఒళ్ళో పెట్టుకుని, లేని సుత్తి ఎత్తాడు.

"ఆగండి. ఇప్పుడు ఊపిరి తీస్తున్నారా?"

సిలారు చూసుకున్నాడు. తియ్యడం లేదు.

"బిగబట్టారు. ఎన్ని రోజులనుంచి ఇలా వంగి, బిగబట్టి చేస్తున్నారో! మీ ఊపిరితిత్తి నిండుగా ఉంది, చిల్లూ లేదు ఏమీ లేదు. పట్టింది కండరం. నాలుగు రోజుల్లో పోతుంది. బల్ల మీద పెట్టుకుని నిటారుగా కూర్చోండి. రుద్దేటప్పుడు కాస్త తడి చేసుకోండి, పొడి లేవదు. ఒక మాస్కు చాలు. ఒత్తేటప్పుడు ఊపిరి వదలండి. ఊపిరి వదలడం మీకు నేను నేర్పాలా?"

సిలారు స్టూలు మీంచి లేచాడు. బయటికి వస్తుంటే వెనకనుంచి మళ్ళీ అంది: "సన్నాయి మాత్రం వద్దు. అది నిజంగానే వద్దు."

ఆ మాట నాలుగేళ్ళ కిందట విన్నప్పుడు లోకమంతా వద్దన్నట్టు వినపడింది. ఇప్పుడు సన్నాయి ఒక్కటే వద్దన్నట్టు వినపడింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సగం దారి దాటేదాకా కూర్చుని, దుమ్ము లేస్తుంటే భయమేసి ఇవతలికి జరిగాడు.

నొప్పి పోవడానికి నాలుగు కాదు, పది రోజులు పట్టింది. పదకొండో రోజున మంచం కిందినుంచి గిటారు తీసి వీరాంజనేయులుకు గాయం చూపించాడు. వీరాంజనేయులు దాన్ని చూసి, "కత్తి గాటు పడని గడ్డం ఉంటదా?" అని, జేబులోంచి బీడీ తియ్యబోయి, ఇతన్ని చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. పొట్లంలోని పెళ్ళను ఫెవిక్విక్‌తో యథాస్థానంలో అతికించారు. మెట్టును మళ్ళీ గాడిలో కూర్చోబెట్టి, పైన చెక్క పెట్టి, సైదమ్మ ఇచ్చిన లంగాబొందుతో చుట్లు చుట్టి బిగించి, ఒక రోజంతా కదిలించలేదు. సుత్తి జోలికి పోలేదు.

తరవాత అసలు పని. సైదమ్మ కత్తిరింపుల బల్ల సగం ఖాళీ చేసి ఇచ్చింది. తీగలన్నీ విప్పి, మెట్ల మధ్య కొయ్య కనపడకుండా టేపు అంటించి, ఇరవై మెట్ల నెత్తిమీదా నల్ల మార్కరు పూశాడు. రాతిపట్టీ కింద ఎమిరీ కాగితం. దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు. పట్టీని మెట్ల మీద పెట్టి, నిటారుగా కూర్చుని, ఊపిరి వదులుతూ ముందుకు తోశాడు. ఊపిరి పీలుస్తూ వెనక్కి లాగాడు. ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందు చెరిగింది, పల్లంగా ఉన్నచోట మిగిలింది. అన్నిటి మీదా చెరిగిపోతే అన్నీ ఒక ఎత్తుకు వచ్చినట్టు.

భయం పోయిందనుకునేరు. పోలేదు. తోసిన ప్రతిసారీ ఎక్కువ అరగదీశానేమో, ఇక వెనక్కి పెట్టలేనేమో అని బెదిరేవాడు. లోహం అరిగిందంటే అరిగిందే, మళ్ళీ మొలవదు. పది తోపులకొకసారి ఆగేవాడు. లేచి వెళ్ళి రెండు హుక్కులు కుట్టి వచ్చేవాడు. ఒకరోజు నజీరా ఫోనులో, "అయిందా నాన్నా?" అంటే, "తొందరపెట్టబాకమ్మా, నాకు భయంగా ఉంది" అన్నాడు. నాలుగేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. "నాకూ సూది వేసేటప్పుడు అట్టాగే ఉంటది నాన్నా" అంది నజీరా.

సమం చేశాక మెట్ల నెత్తులు బల్లపరుపుగా మిగులుతాయి. అలా ఉంటే స్వరం మొద్దుబారుతుంది. ముక్కోణపు ఆకురాయితో అటూ ఇటూ వాల్చి, నడుమ వెంట్రుకంత గీత నిలిచేదాకా గుండ్రం చెయ్యాలి. రోజుకు ఒకటి చేశాడు, కొన్ని రోజులు ఒకటీ చెయ్యలేదు. ఏడో మెట్టును అన్నిటికన్నా ఆఖర్న ముట్టుకున్నాడు. పుష్యం వెళ్ళింది. ఊరిబయట కల్లాలు చదును చేసి, ఎర్రటి పట్టాల్లాగా మిరపకాయలు పరవడం మొదలెట్టారు. కిటికీలు మూసి, దీపం వేసుకుని పని చేశాడు.

తీగలు వేసిన రోజున సైదమ్మ మిషను ఆపింది. వీరాంజనేయులు దుకాణానికి తాళం వేసి మరీ వచ్చాడు. సిలారు శ్రుతి చేశాడు. ఒకటి, రెండు, మూడు మెట్లు మీటుకుంటూ ఆరు దగ్గర ఆగిపోయాడు.

"కొట్టరా!" అన్నాడు వీరాంజనేయులు.

"ఉండరా."

"ఏందిరా ఉండేది, నా దుకాణం కాడ ఇద్దరు గడ్డాలతో కూర్చోనున్నారు."

ఏడో మెట్టు మీటాడు. స్వరం శుభ్రంగా వచ్చింది. నిలబడింది. సన్నగా సాగి, తనంతట తాను ఆరింది. మళ్ళీ మీటాడు. తీగను మెట్టు మీదే పక్కకు లాగి చూశాడు. స్వరం ఊగింది, సన్నాయిలో ఊగినంత కాకపోయినా ఊగింది. మోహన రాగంలో రెండు సంచారాలు పట్టుకున్నాడు. వీరాంజనేయులు కత్తిరింపుల బల్ల అంచు మీద వేళ్ళతో తాళం అందుకున్నాడు. సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. పన్నెండో మెట్టు దగ్గర ఇంకా కొంచెం జీర ఉంది. సిలారు అది విని ఉలిక్కిపడ్డాడు గాని వాయించడం ఆపలేదు.

పన్నెండో మెట్టును అలాగే వదిలేశాడు. ఇంకా అరగదీస్తే పక్కనున్న పదమూడోది ఎత్తయి మళ్ళీ జీర పుడుతుందని భయం. ఇప్పటికీ వదిలేసే ఉంది.

వేసవిలో ఇంటి ముందు ఒకమ్మాయి స్కూటీ ఆపింది. పేరు మహిమ, కొత్తపేట చర్చిలో గిటారు వాయిస్తుంది, బళ్ళో టీచరు. వీరాంజనేయులు దుకాణంలో ఎవరికి గడ్డం గీస్తూ ఏం కోశాడో గాని, నాలుగూళ్ళకు తెలిసిపోయింది.

"బాబాయ్, ఇది మూడో మెట్టు దగ్గర అసలు పలకడంలేదు. గుంటూరు తీసుకెళ్తే కొత్తది కొనుక్కోమన్నారు. చూస్తారా?"

సిలారు రెండడుగులు వెనక్కి వేశాడు. "నాది నేను చేసుకున్నానమ్మా. ఒకళ్ళ వస్తువు ముట్టుకోలేను. పాడైతే?"

"పాడయ్యే ఉందిగదండీ."

అతను సైదమ్మ వంక చూశాడు. సైదమ్మ బల్ల మీది గుడ్డలు ఒక పక్కకు జరిపింది. సిలారు కార్డు తెచ్చి మెట్ల మీద నిలబెట్టాడు. మూడో మెట్టు మీద ఊగింది. అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నువ్వెళ్ళి సాయంత్రం రామ్మా" అన్నాడు. "ఎదురుగా కూర్చుంటే నాకు చెయ్యి సాగదు."

స్కూటీ చప్పుడు వీధి మలుపు తిరిగిందాకా ఆగి, మాస్కు పెట్టుకుని, మార్కరు మూత తీశాడు.